అక్షరానికీ తొండం ఉంటుంది

మల్లమ్మ మొండిది. పోచంపల్లిలో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. భువనగిరిలో చెల్లెలు సుక్కమ్మ కాలు విరిగి మంచాన పడిందని తెలిసినప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. మొగుడు పరమేశ్వర్‌కేమో తోడల్లుడితో ఏనాటిదో మాటపట్టింపు.

"గా ఇంటి గడప నేను తొక్క, నిన్ను తొక్కనియ్య" అనేశాడు.

చెప్పకుండా పోదామంటే ఆడవాళ్లకు బస్సు ఉచితమే గానీ బోర్డు చదవడం రాదాయె! ఎవరినైనా అడిగిందా, సాయంత్రానికల్లా మగ్గాల వీధంతా టాంటాం.

అందుకని ఆ ఊరి పేరు చదవడం నేర్పమని కోడలు దీప్తిని పట్టుకుంది. మల్లమ్మ రోజంతా చేసేది చిటికి పని. గ్రాఫు కాగితం మీది డిజైను చూసుకుంటూ, రంగు అంటకూడని చోట నూలుకు రబ్బరు చుట్టాలి. దీప్తి ఆ గళ్లలోనే అక్షరాలు నింపి ఇచ్చింది. ఇంకేం, గడులు లెక్కపెట్టుకుంటూ 'భువనగిరి'ని ఇట్టే పట్టేసింది మల్లమ్మ.

తీరా బస్టాండుకు పోతే బోర్డు మీద గడులెక్కడివి? పెయింటరు మహానుభావుడు అక్షరాలను బొద్దుగా, సాగదీసి రాశాడు. మల్లమ్మ లెక్క ఒక్కటీ కుదరలేదు. ఇది కాదులే అనుకుంది. బస్సు కదిలి గేటు దాటుతుంటే డ్రైవరు కేక వినబడింది: "భోనగిరోళ్లు ఇంకెవలన్న ఉన్నరా?"

పరుగెత్తినా అందలేదు. ఏడుపు దిగమింగుకుంటూ ఇంటికొచ్చింది.

"గిదేం సదువు బిడ్డా! కాయితం మీద ఒక తీరు, బస్సు మీద ఒక తీరు. నాతోని గాదు."

కోపంగా పనిలో కూర్చుంది. ముందు రెండు గ్రాఫులున్నాయి. చీర అంచుకు బుల్లి ఏనుగు, దుప్పటికి చేటంత ఏనుగు. రెండింటి గడులకూ పొంతనే లేదు. అయినా ఏ పిచ్చిదైనా ఇది ఏనుగు కాదంటుందా? తొండం ఉందిగా!

"దీప్తీ, 'భ'కు తొండమేదే?"

కోడలు పకపకా నవ్వింది. "కింద గీ చిన్న గీత, అత్తమ్మా."

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా!"

ఆ రోజు నుంచి గడులు మానేసి తొండాలు వెతికింది. క్యాలెండరు మీద, పాల ప్యాకెట్ల మీద, గోడల మీద.

మళ్లీ బస్టాండుకు పోయిన రోజు, ఎదురుగా పరమేశ్వర్!

"యాడికే?"

మల్లమ్మ బోర్డు వైపు వేలు చూపించి గట్టిగా చదివింది.

"భు... వ... న... గి... రి. నువ్వు తొక్కకు. నేను తొక్కుత."

ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. పరమేశ్వర్ బోర్డునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. బస్సు కదిలాక పక్కనే నాలుగడుగులు వేశాడు.

"సుక్కమ్మను అడిగినని చెప్పు" అన్నాడు.