ఫ్రాన్సు కాగితాల్లో జంగయ్య

కొత్వాల్‌గూడ జంగయ్యకు ఫ్రాన్సు నుంచి ఉత్తరం వచ్చిందంటే ఊళ్ళో చాలామంది నవ్వారు. జంగయ్య బెస్తవాడు. హిమాయత్‌సాగర్ చెరువు మీద గుండ్రటి పుట్టి పడవ వేసుకొని చేపలు పట్టి బతికే మనిషి. అక్షరం ముక్క రాదు. కానీ ఉత్తరం నిజంగానే వచ్చింది. పోలీసు చర్య జరిగి అప్పటికి నాలుగు నెలలు.

రాసింది ఎలెన్ అనే దొరసాని. ప్రపంచ యుద్ధానికి ముందు రెండు చలికాలాలు ఆమె షంషాబాద్ బంగళాలో దిగి సాగర్ మీద పక్షుల బొమ్మలు వేసుకుంది. పొద్దున్నే జంగయ్య పుట్టిలో ఎక్కేది. వచ్చీరాని ఉర్దూలో అడిగేది. ఏ కొంగ ఎక్కడ గూడు పెడుతుందో, ఏ బాతు ఏ నెలలో దిగుతుందో జంగయ్య చెప్పేవాడు. తెడ్డు చప్పుడు కాకుండా పుట్టిని గూడబాతుల గుంపు పక్కకు తీసుకుపోయే నేర్పు అతనొక్కడికే ఉండేది.

ఉత్తరాన్ని చదివిపెట్టింది దశరథం. షంషాబాద్ బడిలో పంతులు, ఇంగ్లీషు వచ్చినవాడు, జంగయ్యతో కలిసి ఆ నీళ్లలోనే ఈత నేర్చినవాడు. మొన్నటి రజాకార్ల రోజుల్లో దశరథం ఆరు రోజులు తుంగలో దాక్కుంటే జంగయ్యే పుట్టిలో సంకటి తీసుకుపోయి తినిపించి వచ్చాడు.

"ఏం రాసిందన్నా దొరసాని?" అని అడిగింది జంగయ్య భార్య ముత్తమ్మ.

"వచ్చే జూన్‌ల వాళ్ల ఊర్ల ఈ పక్షుల బొమ్మలన్ని పెడతదంట. జంగన్న పక్కనుంటెనే ఆ బొమ్మలకు విలువుంటదంట. నెల రోజులుండి పొమ్మంటున్నది. ఓడ టికెట్టు ఆమెనే కొంటదంట."

"నన్ను యాది పెట్టుకున్నదా?" అన్నాడు జంగయ్య.

"పెట్టుకున్నది. కానీ ఊకె పోనియ్యరు. ముందు పాస్‌పోర్టు కావాలె. దానిమీద ఆ దేశపోళ్లు వీసా కొట్టాలె, నెలకని. బొంబాయికి కాగితాలు పంపాలె. నువ్ పరేషాన్ కాకు, అన్ని నేన్ జూస్కుంట."

దశరథం పట్నంలో షాలిబండ దగ్గర ఒక స్టూడియోకు తీసుకుపోయి జంగయ్యకు ఫొటో తీయించాడు. జంగయ్య అంతకుముందు ఎన్నడూ ఫొటో దిగలేదు. అరువు తెచ్చుకున్న కోటు భుజాల దగ్గర బిగుతైంది. నాలుగు కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నాడు దశరథం. ఆపైన పదిహేను సాయంత్రాలు జంగయ్య ఇంటి అరుగు మీద నోటుబుక్కుతో కూర్చున్నాడు.

"వీసా ఇచ్చెటోళ్లు అడుగుతరు. ఈయనకు పక్షుల సంగతి ఏం ఎరుక అంటరు. అన్ని రాసి పంపాలె. చెప్పు."

జంగయ్య చెప్పాడు. తాత చెప్పినవీ, తాను కళ్లారా చూసినవీ. తెడ్డుమూతి కొంగ నీళ్లను ఎట్లా కలియదిప్పి తింటుందో, నీటికాకి రెక్కలు ఎందుకు ఆరబెట్టుకుంటుందో, వానలు వెనుకపడ్డ ఏడు ఏ పక్షులు రావో. ముత్తమ్మకు కూడా ఇన్నేళ్లలో చెప్పనివి చెప్పాడు. దశరథం ఒక్కొక్కటే మళ్లీ అడిగి రాసుకున్నాడు.

ఏప్రిల్‌లో దశరథం వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "లేదన్నా. వీసా ఇయ్యం అన్నరు. సదువు రాదు, భూమి లేదు, అక్కడ్నే ఉండిపోతడేమో అని రాసిండ్రు."

"నేను అక్కడెందుకుంట దశరథం? నాకు ఇక్కడ పుట్టి ఉన్నది, ముత్తమ్మ ఉన్నది."

"వాళ్లకేం ఎరుక?"

ఆ రోజు దశరథం కళ్లలో నీళ్లు తిరిగాయి. జంగయ్యే అతన్ని ఓదార్చి, చేపల కూర పెట్టించి పంపాడు. మేలో దశరథం మద్రాసులో ఏదో పంతుళ్ల శిక్షణ ఉందని సెలవు పెట్టి వెళ్ళాడు.

జూలైలో ఇంకో కవరు వచ్చింది. పేరు జంగయ్యది కాదు, ముత్తమ్మది. దశరథం ఊళ్ళో లేడు కాబట్టి ఇద్దరూ దాన్ని పట్టుకొని షంషాబాద్ దవాఖానకు పోయారు. అక్కడి నర్సు జకియా పట్నంలో చదువుకున్న పిల్ల, ఇంగ్లీషు చదవగలదు. జకియా కవరు చింపి రెండు వరుసలు చదివి ఆగిపోయింది. జంగయ్య ముఖం వైపు చూసింది.

"చాచా, ఇది... ఇది ముత్తమ్మ చాచీకి రాసింది."

"చదువు బిడ్డా."

"నీ భర్త చనిపోయాడని తెలిసినప్పటి నుంచి నాకు మనసు బాగోలేదు అని రాసింది. పోయిన ఏడు గొడవలల్ల నీళ్ల మీద కాల్చి చంపినరని ఆయన దోస్తు చెప్పిండంట. జంగయ్య బతికుంటే చెప్పేవన్నీ ఆ దోస్తే వచ్చి చెప్పిండంట. ఊరంత విన్నదంట."

కవరులోంచి పత్రికలోంచి కత్తిరించిన ముక్క ఒకటి జారింది. గోడ నిండా పక్షుల బొమ్మలు. వాటి ముందు కోటు వేసుకొని, చేయి చాపి ఏదో చెబుతూ దశరథం. ఆ పక్కన తెల్లజుట్టు దొరసాని.

ముత్తమ్మ ఏడుపు అందుకుంది. బతికున్న మొగుడి పక్కన నిలబడి ఏడుస్తున్న ఆమెను చూసి వరండాలో ఉన్నవాళ్లు దగ్గరికి వచ్చారు. జంగయ్య ఆ ముక్కను తిప్పి తిప్పి చూశాడు. "వీసా వచ్చింది ఎవలికి బిడ్డా?" అని మాత్రం అడిగాడు.

ఆగస్టులో దశరథం తిరిగి వచ్చాడని తెలిసి జంగయ్య అతని ఇంటికి పోయాడు. దశరథం భార్య చంద్రమ్మ పీట వేసింది. జంగయ్య కూర్చోలేదు. పత్రిక ముక్కను దశరథం ముందు పెట్టాడు.

దశరథం దాన్ని చూసి తల వంచుకున్నాడు. "నీకు ఎట్లయినా రాదన్నా," అన్నాడు. "వేలిముద్రోనికి వాళ్లు వీసా ఇయ్యరు. నీ కాగితాలు పంపినా దండుగే."

"అంటే పంపనే లేదు."

దశరథం పత్రిక ముక్కను మడిచి పక్కకు పెట్టాడు.

"ఒక్కసారి పంపి ఉంటే? వాళ్లు ఇయ్యం అంటే అప్పుడు నేనే అనేటోన్ని, దశరథం, నువ్వు పోయి రా అని. నా నోటితోనే అనేటోన్ని. నన్నెందుకు సంపినవ్?"

"నువ్ ఉన్నవంటే ఆమె నన్నెందుకు పిలుస్తది?" దశరథం గొంతు పెరిగింది. "నాకు నలభై ఏండ్లు. ఈ బడి, ఈ బల్ల, ఈ సుద్దముక్క. ఒక్కసారి ఓడ ఎక్కాలనుకున్న. తప్పా?"

"నీకు కూడు తెచ్చిన నీళ్లల్లనే నన్ను కాల్చి సంపినరని చెప్పినవా?"

లోపల చంద్రమ్మ చేతిలోంచి గిన్నె కింద పడింది. ఆమెకూ ఈ సంగతి తెలియదని ఆ చప్పుడుతోనే తెలిసింది. దశరథం లేచి తలుపు దగ్గరగా వేయబోయాడు. జంగయ్య అప్పటికే బయటికి నడిచాడు.

జకియా చేత దొరసానికి ఉత్తరం రాయించాడు. నేను బతికే ఉన్నాను, నా ఆరోగ్యం బాగుంది, పోయిన ఏడు ఎర్రకాళ్ల కొంగలు తక్కువ వచ్చాయి, అంతే. దశరథం పేరు వద్దన్నాడు. నెలన్నరకు జవాబు వచ్చింది. బొంబాయిలో వీసా ఇచ్చే కాన్సులుకు నేనే రాశాను, ఈ శీతాకాలమైనా నువ్వు రావాలి, నీ నోటితో వినాలి అని రాసింది.

ఆ వెనకే బొంబాయి నుంచి కాన్సులు దఫ్తరు కాగితం వచ్చింది. మర్యాదగానే రాశారు. జంగయ్య అనే వ్యక్తి మరణించాడనీ, అతని బదులు తాను పోతున్నాననీ ఒకరు సంతకం చేసి ఇచ్చిన కాగితం తమ ఫైలులో ఉంది. దాన్ని ఇచ్చినవారే తప్పని రాసి ఇస్తే గానీ, లేదా సర్కారు విచారించి చెబితే గానీ, వీసా దరఖాస్తు తీసుకోలేము అన్నారు.

జంగయ్య రెండోసారి దశరథం దగ్గరికి పోయాడు. ఈసారి బడి దగ్గరికి.

"ఒక్క కాగితం రాయి. జంగయ్య బతికున్నడని రాయి. ఇంకేం వద్దు."

"రాస్తే నా నౌకరి పోతది. జైల్ల ఏస్తరు. నాకు పిల్లలున్నరు జంగన్నా."

"మరి నేను సచ్చినోని లెక్కనే ఉండాల్నా?"

"ఊర్ల నువ్ బతికే ఉన్నవ్ గద. ఎక్కడో ఫ్రాన్సు కాగితాల్ల ఎట్లుంటే ఏంది?"

ఆ మాటకు జంగయ్య అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. అప్పటిదాకా దశరథం సిగ్గుపడుతున్నాడనుకున్నాడు. ఒకరోజు తనంతట తానే వస్తాడనీ అనుకున్నాడు. ఆ ఆశ బడి వాకిట్లోనే పోయింది. ముత్తమ్మను వెంటబెట్టుకొని నేరుగా తహసీలుకు నడిచాడు.

తహసీల్దారు ముందు గుమాస్తా కాగితం తీశాడు. "నువ్ సచ్చిపోయినవని రాసింది ఎవరు?"

జంగయ్య పేరు చెప్పాడు. తండ్రి పేరు, ఇంటి గుర్తు, పని చేసే బడి, అన్నీ చెప్పాడు.

విచారణ చలికాలం దాకా సాగింది. దశరథాన్ని షంషాబాద్ బడి నుంచి తీసేశారు. చంద్రమ్మ పిల్లలతో కందుకూరులో పుట్టింటికి పోయింది. పోయే ముందు వచ్చి ముత్తమ్మ చేతులు పట్టుకుంది. కొన్నాళ్లకు దశరథం కూడా అటే పోయాడని విన్నారు.

తహసీలు నుంచి బొంబాయికి కాగితం పోయేసరికి డిసెంబరు సగమైంది. వీసా రాలేదు, రాదనీ చెప్పలేదు. విచారణ కాగితం అందింది, పరిశీలిస్తున్నాం అని ఒక కార్డు వచ్చింది.

జంగయ్య ఆ కార్డును జకియాకు చూపించి, దొరసానికి ఇంకో ఉత్తరం రాయమన్నాడు.

"ఏం రాయాలె చాచా?"

"గూడబాతులు దిగినయని రాయి. నిన్ననే. లెక్కబెట్టిన, రెండొందల మీదున్నయి." ఆపైన, "దశరథం పక్షుల సంగతి చెప్పిన దాంట్ల తప్పేం లేదని కూడా రాయి," అన్నాడు. "అన్ని నేన్ చెప్పినయే."

జకియా కలం ఆపి అతని వైపు చూసింది. జంగయ్య బయట గుర్రబ్బండ్ల వైపు చూస్తున్నాడు. ఆమె రెండు వాక్యాలూ రాసింది. ముత్తమ్మ మాత్రం రెండోది కొట్టెయ్యమంది. జకియా ఇద్దరినీ చూసి, కొట్టెయ్యకుండానే కవరు అంటించింది.