రాజు బయటికి రావాలి

సెరాఫిమా నికితిచ్నా పన్నెండో కార్డు కొట్టి ఆగింది. మాస్కోలోని ఆ కంప్యూటర్ కేంద్రంలో ఇరవై ఆరేళ్లుగా ఆమె పని ఒకటే: ప్రోగ్రామర్లు కాగితం మీద రాసిచ్చినదాన్ని అట్టకార్డుల మీద చిల్లులుగా కొట్టడం. కాగితంలో ఉన్నదే కొట్టాలి, తప్పని తెలిసినా సరే. వేళ్ల కొసలు కాయలు కాశాయి. ఆ రోజు సాయంత్రం అయిదింటితో ఆ ఉద్యోగం ఆఖరు.

ఆ కాగితం పట్టుకుని, చదరంగం ప్రోగ్రామ్ రాసిన గ్లెబ్ దగ్గరికి నేరుగా వెళ్లింది.

"ఏమయ్యా, మూలన నక్కిన రాజుకు నీ యంత్రం ఆట మొదట్లోనూ అవే మార్కులు వేస్తుంది, ఆఖర్లోనూ అవే మార్కులా?"

"రాజు క్షేమం ముఖ్యం కదండీ. సోమవారమే పోటీ. ఇప్పుడు వంకలు పెట్టకండి. మీ కోసం కేకు తెప్పించాం, తినండి."

"కేకు ఎక్కడికీ పోదులే. ముందు నాతో ఆడించు నీ యంత్రాన్ని."

ఆదివారాలు పార్కులో ముసలాళ్లను ఓడించి తిట్లు తినే మనిషి ఆమె. చెరో రాజు, కొన్ని బంట్లు పెట్టించింది. యంత్రానికి ఒక బంటు ఎక్కువే ఇచ్చింది. దాని రాజు మూల వదల్లేదు. ఆమె రాజు బల్ల నడిమధ్యకు నడిచాడు. యంత్రం చూడగలిగేది నాలుగు ఎత్తుల దూరమే. ఆపైన జరగబోయేది కనబడక, ఉన్న పావులను కూడుకుని, తనదే పైచేయి అని అచ్చు వేస్తూ పోయింది. ఆమె రాజు మీదికొచ్చి వరసగా రెండు బంట్లను తినేసేసరికి అది అచ్చు వేసే మార్కుల అంకె ఢామ్మని పడిపోయింది.

గ్లెబ్ బుర్ర గోక్కున్నాడు.

"పెద్ద పావులు పోయాక రాజు మధ్యకొస్తేనే మార్కులు. అలా మార్చు," అందామె.

"తెలిసినప్పుడు మీరే కొట్టేయొచ్చుగా, నాకు తెలిసేదా ఏమన్నానా?"

"కాగితంలో లేనిది నేను కొట్టను. ఆఖరి రోజున దొంగపని చెయ్యమంటావా? రాయి, ఊఁ."

నాలుగూ నలభైకి రాశాడు. కార్డులు ఆమే కొట్టింది, ఒక్క తప్పు లేకుండా. యంత్రం వాటిని మింగి, కాసేపు గుర్రుమని, మొదటి ఎత్తు అచ్చు వేసింది.

"వచ్చాడ్రోయ్ బయటికి!" గ్లెబ్ కేకకు గదంతా ఆ కాగితం మీద విరుచుకుపడింది.

సెరాఫిమా కోటు తొడుక్కుని, అందరి వీపులకూ ఒకసారి తల ఊపి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

అరగంట తర్వాత గ్లెబ్ ఇంకో కాగితంతో ఆమె బల్ల దగ్గరికి పరుగున వచ్చాడు.

"ఈ ఒక్కటీ కొట్టి పెట్టండి, సెరాఫిమా..."

కుర్చీలో ఆమె ఉన్ని దిండు ఉంది, మధ్యలో గుంటపడి.