వెనకాలే వస్తోంది

దర్జీ నోట ఆ అబద్ధం ఎలా వచ్చిందో దేవుడికే ఎరుక. పాత అడవి అంచున ఉన్న విడిదింట్లో అడుగు పెట్టగానే ఇంటావిడ ఎదురొచ్చి, "రండన్నయ్యగారూ! వదినగారేరీ?" అంది. అంతే. "వెనకాలే వస్తోందమ్మా, మెల్లిగా," అనేశాడు.

వెనకాల ఎవరొస్తారు, నా మొహం! భార్య పోయి నాలుగు నెలలైంది.

వెయ్యేళ్ళ చెట్లు చూడాలని ఆవిడకి పెళ్ళైన కొత్తలోనే కోరిక. ఈయన కత్తెర కింద పెడితేగా! "ఈ పెళ్ళిళ్ళ సీజను పోనీవే" అంటూ ముప్ఫై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. చివరికి ఆవిడే ఈ విడిదింటికి ఉత్తరం రాసి ఇద్దరికీ గది ఖాయం చేసింది, చలికి కోటు కుట్టమంది. కుట్టాడు. గుండీల కాజాలు మాత్రం ఎప్పుడూ ఆవిడ పనే. రెండు కుట్టి, మూడోది సగంలో ఉండగా మంచాన పడింది, మళ్ళీ లేవలేదు. ఆ కోటు ఇప్పుడు ఈయన సంచిలో ఉంది. పోయిందన్న మాట ఇంతవరకు తన నోటితో అనలేదు. చుట్టాలకి కొడుకు చెప్పాడు, దుకాణానికి వచ్చేవాళ్ళకి పక్క షాపాయన చెప్పాడు.

ఆ విడిదింట్లో ఒక పద్ధతుంది. సాయంత్రమైతే దారి తప్పినవాళ్ళకి వినపడేలా గుమ్మంలో గంట కొడతారు. ఆఖరున వచ్చినవాళ్ళని "అందరూ వచ్చేశారా?" అని అడిగి, గంట తాడు పైకి కట్టేశాకే భోజనాలు. ఒక్కరు రాకపోయినా ఎవరూ ముద్ద ముట్టరు.

ఇదంతా దర్జీకేం తెలుసు? కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి బయట వాన మొదలైంది, వంటకాలు బల్ల మీద పొగలు కక్కుతున్నాయి. నలుగురు ప్రయాణికులు ఖాళీ కంచాల ముందు కూర్చుని ఈయన వంకే చూస్తున్నారు. ఇంటావిడ తడుస్తూ గంట కొడుతోంది. ఆవిడ భర్త, అడవి కాపలాదారు, లాంతరు పట్టుకుని వానలోకి వెళ్ళాడట.

"ఎందుకమ్మా?"

"అదేంటన్నయ్యగారూ! ఈ వానలో వదినగారు దారి తప్పితే?"

దర్జీ చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఇంతలో చెట్ల మధ్య నుంచి కేక వినిపించింది. "అక్కయ్యా! ఓ అక్కయ్యా!" ముక్కూ మొహం తెలియని మనిషి ఆవిడని ఆ చెట్ల కిందికి పిలుస్తున్నాడు. కట్టుకున్న తను ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా రమ్మని పిలిచాడా?

చాలాసేపటికి కాపలాదారు తడిసి ముద్దై, మోకాలు చీరుకుపోయి తిరిగొచ్చాడు. "వాగు దాకా వెళ్ళాను బావగారూ. కనపడలేదు. లాంతర్లో నూనె పోసుకుని మళ్ళీ వెళ్తా."

"వద్దు బాబూ!" దర్జీ అతని చెయ్యి పట్టేసుకున్నాడు. "లేదు. నాలుగు నెలలైంది, పోయింది. నేనే అబద్ధం చెప్పాను." అని గుమ్మంలోనే కూలబడి బావురుమన్నాడు.

తిడతారనుకున్నాడు. తిట్టినా బాగుండేది. కాపలాదారు పక్కనే చతికిలబడి, బూట్లు విప్పి నీళ్ళు ఒంపేశాడు. "ఆ పెద్ద చెట్లన్నిటి దగ్గరా ఆగి పిలిచాను బావగారూ," అన్నాడు మెల్లిగా. "ఒక్కదాన్నీ వదల్లేదు."

ఇంటావిడ గంట ఆపింది. కళ్ళు తుడుచుకుని, ఆ ఇంటి పద్ధతి ప్రకారం ఆఖరున వచ్చినాయన్ని అడగాల్సిన మాటే అడిగింది. "అందరూ వచ్చేశారా, అన్నయ్యగారూ?"

దర్జీ చీకట్లో కలిసిపోయిన దారి వంక చూశాడు.

"ఇంకెవరూ రారమ్మా," అన్నాడు.

తాడు తనే పైకి కట్టాడు. ఆవిడ కోసం వేసిన కంచం ఎవరూ తియ్యలేదు. నాలుగు నెలల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాడు, ఏడుస్తూనే తిన్నాడు.

పొద్దున్నే అన్నిటికంటే పెద్ద చెట్టు మొదట్లో కూర్చుని కోటు తీశాడు. ఆవిడ ఆపిన కుట్టు దగ్గర్నుంచి మూడో కాజా పూర్తి చేశాడు. వంకరగా వచ్చింది. ఆవిడ చూస్తే, "ఇన్నేళ్ళ దర్జీవి, ఇదా నువ్వు కుట్టే కాజా!" అని పడీ పడీ నవ్వేది. ఈయన దాన్ని విప్పలేదు. వెళ్ళేటప్పుడు కోటు ఇంటావిడ చేతిలో పెట్టాడు.

"మీ వదినది. గంట కొట్టేటప్పుడు వేసుకో తల్లీ, తడవకు."