హీట్‌పంపుకు నీళ్ళు పోసిన వదిన

ఇలా రండి, దగ్గరగా కూర్చోండి. ఆ తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా లోపలికి జరగండి. నేను గొంతు పెంచి చెప్పానంటే కథలో రుచి పోతుంది. మా వదిన హీట్‌పంపుకు నీళ్ళు పోసిన సంగతి చెప్తాను. నీళ్ళు పోయడమంటే బకెట్టెత్తి కుమ్మరించడం కాదు. పీట వేసుకుని కూర్చుని, చెంబుతో, బుజ్జగిస్తూ, పసిబిడ్డకు పోసినట్టు పోసింది.

వదిన అంటే మీ తాతయ్యకు అక్క. మనిషి పొట్టి, మాట పొడుగు. మా వీధిలో పుట్టిన పిల్లల్లో చాలామందికి మొదటి స్నానం ఆవిడ చేతుల మీదుగానే జరిగింది. ఎంత గుక్కపట్టి ఏడ్చే బిడ్డయినా ఆవిడ చేతిలో పడితే నోరు మూసుకునేది. ఆవిడ మాటల ముందు తన ఏడుపు వినపడదని బిడ్డకు తెలిసిపోయేదని మీ తాతయ్య అనేవారు.

అప్పట్లో మా హాలు మూల ఒక బొగ్గు పొయ్యి ఉండేది. చలికాలమంతా ఇంటికి అదే వేడి. దాని పక్క కుర్చీ వదినది, ఇంకెవరూ కూర్చోవడానికి వీల్లేదు. మా కోడలు కడుపుతో ఉన్నప్పుడు ఆ పొగకు దగ్గు పట్టుకుంది. డాక్టరమ్మ పొగ వద్దంది. కోడలు మాట్లాడకుండా పొయ్యిని వెనక షెడ్డులోకి పంపించి, హీట్‌పంపు పెట్టించింది. హాల్లో గోడకు ఒక సన్నటి పెట్టె, ఇంటి వెనక నేలమీద ఫ్యానున్న పెద్ద పెట్టె, రెంటినీ కలిపే గొట్టాలు. బయటి పెట్టె బయట గాలిలో ఉన్న కాస్త వేడినీ లాగి లోపలి పెట్టెకు అందిస్తుందట.

"ఈ చలిగాలిలో వేడా?" అంది వదిన. "అయితే ఐసుగడ్డ మీద కాఫీ కూడా కాస్తుందేమో అడుగు."

"కాయదు పెద్దత్తయ్యా, కాఫీ నేను కాస్తాను" అంది కోడలు నవ్వుతూ.

వదినకు ఆ నవ్వు నచ్చలేదు. "చూడమ్మాయ్, బిడ్డనెత్తుకుని నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున ఈ ఇల్లు చల్లగా ఉందో, ఆ సాయంత్రానికే నా పొయ్యి నా మూలకు రావాలి."

"రానివ్వండి. కానీ పొగలో నేను బిడ్డనుంచను. చలికాలం పోయేదాకా మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను."

పందెం అలా పడింది. మధ్యలో నలిగింది నేను. పుట్టబోయేది నా మొదటి మనవరాలో మనవడో. ఆ బిడ్డ తొలి చలికాలం నా ఒళ్ళో గడుస్తుందా, వియ్యపురాలి ఒళ్ళో గడుస్తుందా అన్నది ఇప్పుడు ఒక పెట్టె చేతిలో ఉంది.

కోడలు ఆసుపత్రికి వెళ్తూ తలా ఒక పని అప్పజెప్పింది. లోపలి పెట్టె మూత తీసి, దుమ్ము పట్టే జాలీలు కడిగి ఆరబెట్టడం నాది. రిమోటు ముట్టుకోకుండా ఉండడం మీ తాతయ్యది. అది ఆయనకు పెద్ద పనే! బజారుకు వెళ్తూ ఆపేసి, వచ్చి అమాంతం పైకి పెంచేవారు. ఒకే వేడి మీద వదిలేస్తే అది తన దారిన తను నింపాదిగా పనిచేసుకుంటుందని కోడలు మొత్తుకునేది. బయటి పెట్టె గురించి కూడా ఏదో చెప్పింది, అదీ మీ తాతయ్యకే. మీ తాతయ్య చెవులు మంచివే, లోపలికెళ్ళిన మాట నిలవడమే కష్టం.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా ఇంటికొచ్చే రోజు పొద్దున్నే లేచి చూద్దును కదా, ఇల్లు జివ్వుమంటోంది. లోపలి పెట్టె ముందు చెయ్యి పెడితే గాలి ఉంది గానీ, దాన్లో వెచ్చదనం లేదు.

"ఏమండీ, ఏం చేశారు?"

"నేనేం చేశాను! రిమోటు వైపు చూడడం కూడా మానేశాను. నీ జాలీలు సరిగ్గా కడిగావా?"

"అద్దంలా కడిగాను. కావాలంటే మొహం చూసుకోండి."

ఇంత జరుగుతుంటే వదిన దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చుంది. గెలిచింది కదా, ఎగతాళి చెయ్యాలి. ఒక్క మాట లేదు. మా వదిన నోరు మెదపలేదంటే ఇంట్లో ఏదో జరిగిందన్నమాట. నాకు అనుమానం వచ్చి వెనక్కి వెళ్ళాను.

బయటి పెట్టె చుట్టూ మందపాటి ఉన్ని రగ్గు. ఎటూ జారకుండా బట్టలారేసే తాడుతో చుట్టి, మెడ కింద ముడేసినట్టు చక్కగా ముడి. రగ్గు కిందినుంచి మంచు గడ్డలు గడ్డలుగా బయటికొస్తోంది.

"వదినా! ఈ రగ్గు మీదే కదా?"

"నాదైతే?" అంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"దీనికెందుకు కప్పారు?"

"మరేం చెయ్యమంటావే? నిన్న సాయంత్రం బట్టలు తీద్దామని వస్తే గడగడ వణుకుతోంది. మూలుగుతోంది. ఒళ్ళంతా తెల్లగా మంచు, కిందినుంచి నీళ్ళు కారుతున్నాయి. మనకోసమే కదా చలిలో నిలబడింది, పాపం అనిపించింది."

"మీకు అదంటే పడదు కదా!"

"పడకపోవడం వేరు, చలికి వదిలెయ్యడం వేరు" అంది వదిన, తలెగరేసి.

అప్పుడు గుర్తొచ్చింది మీ తాతయ్యకు. "ఆఁ! బయటి పెట్టె చుట్టూ గాలి ఆడాలి, ఏదీ అడ్డం పెట్టొద్దు అంది కోడలు. అదే, అదే!" అని, ఏదో గొప్ప సంగతి కనిపెట్టినట్టు సంబరపడి, మంచు పొడవడానికి పెద్ద స్క్రూడ్రైవరు పట్టుకొచ్చారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో మెకానిక్కుకు ఫోను చేశాను. ఎప్పుడూ పరుగులో ఉంటాడని అతన్ని మేం తొందరాయన అనేవాళ్ళం.

"ఇంకొకరింట్లో పనిమీద ఉన్నానమ్మా, తొందరగా చెప్పండి" అన్నాడు. చెప్పాను. "రగ్గు కప్పారా? దానికి గాలే తిండి. తిండి లేక, ఒంటిమీది మంచు వదిలించుకునే ఓపిక కూడా లేక గడ్డకట్టింది. ముందు స్విచ్చి ఆపండి. అయ్యగారి చేతిలో ఏమైనా ఉందా?"

"స్క్రూడ్రైవరు."

"లాగేసుకోండి! లోపలి రేకులు కాగితంలా ఉంటాయి, వంగితే నేనొచ్చి చేసేదీ లేదు. గోరువెచ్చటి నీళ్ళు మెల్లగా పోయండి. మరిగేవి పోయకండి."

"గోరువెచ్చనంటే ఎంత?"

"అంటే... గోరువెచ్చగా ఉండాలమ్మా!"

వదిన నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "ఒరే అబ్బాయ్, సరిగ్గా చెప్పు. పురిటిబిడ్డకు పోసే వేడా, ఏడాది బిడ్డకు పోసే వేడా?"

"పురిటిబిడ్డకనే అనుకోండి" అన్నాడు తొందరాయన, మొదటిసారి తొందర లేకుండా.

స్విచ్చి ఆపి, రగ్గు విప్పేశాం. ఇక చూడండి. వదిన జాకెట్టు చేతులు పైకి మడిచి, పీట వేసుకుంది. నేను వంటింట్లో నీళ్ళు కాచి మోయడం, ఆవిడ మోచెయ్యి ముంచి చూడడం. "ఇది ఎక్కువ, కాస్త చల్లవి కలపవే. ఆఁ, ఇప్పుడు సరి." చెంబు వంచి, పైనుంచి కిందికి, రేకుల వెంబడి సన్నటి ధారగా పోసింది. "అయిపోయింది నాయనా, అయిపోయింది. ఇంకొక్క చెంబు, అంతే." మంచు పెళ్ళలు పెళ్ళలుగా జారుతోంది. కింద పడ్డ నీళ్ళు మళ్ళీ గడ్డకట్టకుండా మీ తాతయ్య చీపురుతో కాలవలోకి తోశారు. ఆ చలిలో ముగ్గురం మోకాళ్ళదాకా తడిశాం.

స్విచ్చి వేశాం. పెట్టె గుర్రుమంది. కాసేపటికి దాన్లోంచి భుస్సుమని తెల్లగా ఏదో పైకి లేచింది.

"పొగ! తగలబడిపోతోందిరా తమ్ముడూ!"

"పొగ కాదక్కా, మిగిలిన మంచు కరిగి ఆవిరవుతోంది."

"ఆవిరా? అయితే జలుబు వదిలినట్టే" అంది వదిన తృప్తిగా.

లోపల గాలి గోరువెచ్చగా మొదలైంది. వేడి పెంచితే తొందరగా వస్తుందేమోనని మీ తాతయ్య వేళ్ళు లాగుతున్నాయి. రిమోటు తీసి పిండిడబ్బాలో దాచాను. తలుపులన్నీ మూశాను, పరదాలు లాగాను. ఇల్లు మెల్లగా మెల్లగా కోలుకుంటోంది. చల్లగా లేదు, అలాగని వెచ్చగా ఉందని ఒట్టేసి చెప్పలేను. అంతలో బయట కారు ఆగింది.

మా అబ్బాయి సంచులతో, వెనక కోడలు బిడ్డతో లోపలికొచ్చారు. వదిన ముందుకురికి బిడ్డ బుగ్గ తాకింది. అంతే, నా మనవరాలు ఇల్లెగిరిపోయేలా కెవ్వుమంది. ఇప్పుడు వదిన "ఇల్లు చల్లగా ఉంది" అని ఒక్క మాటంటే చాలు. ఆవిడ నోరు తెరిచింది కూడా.

"పెద్దత్తయ్యా," అంది కోడలు, "ఇల్లు బాగానే ఉంది, మీ చేతులే ఐసుగడ్డల్లా ఉన్నాయి. ముందు కాచుకుని రండి, అప్పుడే బిడ్డనిస్తాను."

వదిన తన చేతులు చూసుకుంది. పొయ్యి ఉండే మూల వైపు తిరిగింది, అక్కడ చెప్పుల స్టాండు ఉంది. ఇంక ఎక్కడ కాచుకుంటుంది! వెళ్ళి గోడ పెట్టె కింద నిలబడి చేతులెత్తింది. అందలేదు. మీ తాతయ్య నవ్వాపుకుంటూ స్టూలు తెచ్చి వేశారు. స్టూలెక్కి, రెండు చేతులూ చాచి, ముందు అరచేతులు, తర్వాత వెనకవైపు, అట్టు తిరగేసినట్టు తిప్పి తిప్పి కాచుకుంది. కాసేపటికి ఆవిడ భుజాలు సడలాయి. ఇంకాసేపటికి కళ్ళు మూతలుపడ్డాయి. చేతులు ఎప్పుడో వెచ్చబడ్డాయి, మనిషి మాత్రం దిగలేదు.

చివరికి దిగొచ్చి బిడ్డనెత్తుకుంది. బిడ్డ ఒకసారి ఆవలించి నిద్రపోయింది.

మా అబ్బాయికి ఊరుకోవడం ఎక్కడ తెలుసు! "అత్తా, షెడ్డులోంచి పొయ్యి తెమ్మంటావా?"

"నీకు బుద్ధుందిరా? పసిపిల్ల ఉన్న ఇంట్లో పొగ పెడతావా?" అని కసిరింది వదిన. కోడలు గబగబా గోడవైపు తిరిగింది. దాని భుజాలు ఊగుతుండడం నేను చూశాను.

మనవరాలు ఆ చలికాలమంతా నా ఒళ్ళోనే ఉంది. వదిన ఒళ్ళోంచి నాకు దొరికినప్పుడు అనుకోండి.

ఇది మనసులో పెట్టుకోండి. మీ ఇళ్ళల్లో పెట్టెలు మూలిగినప్పుడు, వణికినప్పుడు, మీ వాళ్ళను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి. కథ పొడుగైందనిపిస్తే నా మాటలు తగ్గించండి, ఫరవాలేదు. వదినవి మాత్రం ఒక్కటీ తగ్గించకండి.