అడ్డం కోసిన యూనివర్సిటీ

యూనివర్సిటీని మూడు ముక్కలు చేసింది ప్రభుత్వం కాదు, మనవాళ్ళే. ఈ మాట ముందే చెప్పుకుంటే మంచిది. తర్వాత ఒకరి మీద ఒకరు తోసుకోకుండా ఉంటారు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ళకూ కలిపి ఒక ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం మంజూరైంది. ఊరికే కాలేదు. ఏళ్ళ తరబడి ధర్నాలు చేస్తే, రోడ్ల మీద వంటలు వండితే, పోలీసుల చేత తన్నులు తింటే అయింది. కోదాడలో హైవే పక్కన టైర్ల షాపు నడిపే బిక్షపతి సాధన సమితికి కన్వీనర్. పదో తరగతి తప్పినవాడు. జీవోలు చదవడం, పిటిషన్లు రాయడం తనంతట తానే నేర్చుకున్నాడు. మంజూరైన రోజు అతన్ని భుజాల మీద మోశారు. తెల్లారి నుంచే కొట్లాట మొదలైంది. యూనివర్సిటీ ఏ ఊళ్ళో పెట్టాలి?

ఇన్‌చార్జి వీసీగా వచ్చిన పెద్దమనిషి జాగ్రత్తపరుడు. "మీరు మూడు ఊళ్ళవాళ్ళూ ఒక మాట మీదికి రండి. ఎట్లా అంటే అట్లా చేస్తాను" అని ఊరుకున్నాడు. మూడు ఊళ్ళవాళ్ళూ కూచున్నారు. తమకు తెలిసిన పద్ధతిలోనే చేశారు. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు పంచుకున్నారు.

సూర్యాపేట తరఫున వచ్చిన లాయరు శోభారాణి, మాది జిల్లా కేంద్రం అని ఆఫీసు తీసుకుంది. వీసీ, రిజిస్ట్రార్, పరీక్షల విభాగం, ఫీజు కౌంటర్, అన్నీ అక్కడే. కోదాడకు క్లాసులు, ల్యాబులు బిక్షపతి సాధించాడు. మిర్యాలగూడ నుంచి వచ్చిన రైస్ మిల్లు ఓనరు యుగంధర్ హాస్టళ్ళు, మెస్సు అడిగాడు. అంతమంది పిల్లలు తినే చోట బియ్యం ఎవరివో విడిగా చెప్పనక్కర్లేదు. తలా ఒకటి వచ్చింది, ఎవరికీ మనసు నొప్పి లేదు. స్వీట్లు కూడా పంచుకున్నారు. చదువుకునే పిల్ల ఒక్కతే కదా, మూడు ఊళ్ళలో ఎట్లా ఉంటుంది అని ఆ రోజు ఒక్కరికీ తట్టలేదు.

మొదటి బ్యాచ్ సీట్లు ఇచ్చిన వారం పాలకీడు నుంచి చంద్రమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని టైర్ల షాపుకు వచ్చింది. చంద్రమ్మ నాట్లకూ పత్తికీ కూలికి పోయే మనిషి. ధర్నాలకు పాలకీడు ఆడవాళ్ళను ఆటోల్లో ఎక్కించి తెచ్చింది ఆమే. కూతురు స్వప్నకు ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో సీటు వచ్చింది. శనివారం లోపల చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

"సీటొచ్చిందంట కదా. ఒట్టి చేతులతోనే వస్తరా?" అన్నాడు బిక్షపతి, లారీ టైరు మీద నుంచి లేవకుండానే.

"వద్దని చెప్పిపోదామని వచ్చిన అన్నా" అంది చంద్రమ్మ.

"ఏం వద్దు?"

"సీటు. హుజూర్‌నగర్ల చీరెల దుకాణంల మనిషి కావాలంటున్నరు. సోమారం నుంచి రమ్మన్నరు. పిల్లను గాడ పెడత."

బిక్షపతి చేతిలోని రాడ్డు పక్కన పెట్టాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా? గవర్నమెంట్ సీటు అది. హాస్టల్ ఉన్నది, తిండి ఉన్నది."

"హాస్టల్ ఏడున్నది?"

"మిర్యాలగూడల."

"సదువు?"

"గీడనే, కోదాడల."

"నడుమ ఏమున్నది?"

స్వప్న చెప్పింది. "నడుమ హుజూర్‌నగర్, నేరేడుచర్ల ఉన్నయి కాకా. పొద్దున మెస్సుల తిని బస్సెక్కాలె. ల్యాబ్ అయినంక మళ్ళ బస్సెక్కాలె. పగటి అన్నం గూడ మెస్సులనే పెడతరంట. అన్నానికి పోయి వచ్చేసరికి క్లాసులు ఒడిసిపోతయి. ఏదన్న కాగితం మీద ముద్ర కావాల్నంటే సూర్యాపేట పోవాలె."

"ఇది ఇంజనీరింగ్ సదువా అన్నా, కండక్టర్ నౌకరా?" అంది చంద్రమ్మ.

పక్కన పంచరు వేస్తున్న నాగేష్ నవ్వాడు. బిక్షపతి అతని వైపు ఒక చూపు చూసి, "బస్సు పెట్టిస్త. యూనివర్సిటీ బస్సు, ఆడపిల్లలకు" అన్నాడు.

"దానికెన్నేండ్లు కొట్లాడాలె?" చంద్రమ్మ ఎగతాళికి అడగలేదు. నిజంగానే అడిగింది. "సీకటి పడ్డంక ఏ బస్సు ఏడ ఆగుతదో తెల్వది. పిల్ల ఏడున్నదో తెల్వక నేను పొలంల నిలబడి పని చేయలేను. హాస్టలూ సదువూ ఒక్క గోడ లోపల ఉంటే పంపిస్త. లేకుంటే లేదు."

"నాకు బస్సొద్దు కాకా, ఎలక్ట్రికల్ కావాలె" అంది స్వప్న. "నువ్వు తెచ్చిన యూనివర్సిటీనే కదా. నువ్వు చెప్తే వినరా?"

ఆ పూటే బిక్షపతి మిర్యాలగూడ బస్సెక్కాడు. యుగంధర్ కాళ్ళా వేళ్ళా పడైనా హాస్టల్ కోదాడకు విడిపించుకు రావాలని అతని ఆలోచన. హుజూర్‌నగర్ దాకా నిలబడే పోయాడు. నేరేడుచర్ల దాటాక కిటికీ పక్క సీటు దొరికింది. బయట సాగర్ ఎడమ కాల్వ కింది పొలాలు. సన్నగా, పొడుగ్గా, పక్కపక్కన పట్టీలు పరిచినట్టు ఉన్నాయి.

ఈ పొలాలు అట్లా ఎందుకుంటాయో ఇక్కడ పుట్టినవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. కాల్వ కింద అన్నదమ్ములు వేరుపడితే పొలాన్ని అడ్డం కోయరు. అడ్డం కోస్తే కాల్వ పక్కనున్న వాడికే నీళ్ళు. కిందివాడు పైవాడి దయ మీద బతకాలి. అందుకని నిలువున కోస్తారు. వాటా ఎంత సన్నదైనా సరే, దాని ఒక కొస కాల్వకు తగలాలి. ఈ సంగతి బిక్షపతికి తెలుసు, యుగంధర్‌కు తెలుసు. శోభారాణి దగ్గరికి వచ్చే కేసుల్లో సగం ఇవే. ముగ్గురికీ తెలిసి, ముగ్గురూ కూచుని, యూనివర్సిటీని అడ్డం కోశారు. బిక్షపతి తనను తానే బూతులు తిట్టుకున్నాడు. పక్క సీటాయన జరిగి కూచున్నాడు.

మిల్లులో యుగంధర్ చొక్కా నిండా తవుడు ఉంది. "రా కన్వీనర్ సాబ్. దారి తప్పినవా?"

"హాస్టల్ ఇడిచిపెడతవా అని అడుగుదామని ఎల్లిన తమ్మీ."

"ఇడిచిపెడత. ల్యాబులు ఇటు పంపియ్."

"ల్యాబులు పోతే కోదాడకేం మిగుల్తది?"

"హాస్టల్ పోతే మాకేం మిగుల్తది? మావోళ్ళు మిల్లు మీదికొస్తరు."

"మీవోళ్ళకు హాస్టల్ మీద ప్రేమనో, నీకు బియ్యం మీద ప్రేమనో నాకెరుకే."

యుగంధర్‌కు కోపం రాలేదు. "ఎరుకుండే ఇచ్చినవ్ గద. నీకు ల్యాబులొస్తున్నయని నోరు మూసుకున్నవ్."

అందులో అబద్ధం లేదు. బిక్షపతి బస్తా మీద కూచున్నాడు. "ఇప్పుడు అడిగేది అది కాదు. బయలుదేరినప్పుడు హాస్టల్ అడుగుదామనుకున్న. మనం తప్పు కోసినం తమ్మీ. అడ్డం కోసినం. నిలువు కొయ్యాలె. ఒక్కో ఊరికి ఒక్కో బ్రాంచ్. ఆ బ్రాంచ్ క్లాసులు, ల్యాబు, హాస్టలు, ముద్ర గుద్దే కౌంటరు, అన్నీ ఆడనే. పిల్ల గేటు దాటే పని ఉండొద్దు."

యుగంధర్‌కు వెంటనే అర్థమైంది. రైతు కొడుకు, అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది. కానీ అతను అడిగింది వేరు. "కంప్యూటర్ ఎవరికి?"

మూడే బ్రాంచీలు. కంప్యూటర్ అందరికీ కావాలి. ఎలక్ట్రికల్ దాని తర్వాత. సివిల్ అంటే మొహం తిప్పుకుంటారు.

"వాటాలు వేసినోడు ఆఖరుకు ఎత్తుకోవాలె. అదే కదా పద్ధతి" అన్నాడు బిక్షపతి. "వేసింది నేను."

"మాట మీద ఉంటవా?"

"ఎత్తుకో ముందు."

"కంప్యూటర్."

"కంప్యూటర్ల బియ్యం ఆడిస్తవా?"

"ఏ బ్రాంచ్ పిల్లలైతేంది, అన్నం తినరా?" అన్నాడు యుగంధర్.

మరునాడు సూర్యాపేటలో శోభారాణి ఇంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "ఒకసారి పంచుకున్నంక మళ్ళ పంచుకునుడేందన్నా? కోర్టుల ఇట్ల మాట్లాడితే జడ్జి నన్ను బయటికి పంపుతడు" అంది. బిక్షపతి చంద్రమ్మ హాస్టల్ గురించి అడిగిన మూడు ప్రశ్నలూ ఉన్నవి ఉన్నట్టు ఆమెను అడిగాడు. నడుమ ఏమున్నది అన్న చోట ఆమె చేతిలోని ఫైలు మూసింది. "వీసీ కుర్చీ మాత్రం సూర్యాపేటలనే ఉంటది. అది కదిలిస్తే నేను ఊర్ల తిరగలేను" అంది.

"కుర్చీ పెట్టుకో అక్కా. కౌంటర్లు మూడు పెట్టు."

"అయితే ఎలక్ట్రికల్ నాకు."

కోదాడకు సివిల్ మిగిలింది. పక్కనే మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, సివిల్ అయితే ఏం తక్కువ అని బిక్షపతి దారిపొడుగునా తనకు తాను చెప్పుకున్నాడు. కోదాడలో ఆ మాట వినే మనిషి దొరకడని కూడా అతనికి తెలుసు.

ముగ్గురూ కలిసి వెళ్తే ఇన్‌చార్జి వీసీ పేచీ పెట్టాడు. "మొదటి సంవత్సరం లెక్కలు, ఫిజిక్సు అందరికీ ఒకటే. చెప్పేవాళ్ళు కొద్దిమంది. వాళ్ళు మూడు ఊళ్ళూ ఎట్లా తిరుగుతారు?"

"బస్సుల తిరుగుతరు" అన్నాడు బిక్షపతి. "జీతం తీసుకునేటోళ్ళు తిరగాలె సార్. సదువుకునే పిల్లలెందుకు తిరగాలె?"

"ల్యాబు సామాను కోదాడలో దించేశాం కదా."

"పెట్టెలు ఇంక ఇప్పనే లేదు. లారీలు మా షాపు ముందట నుంచే పోతయి. ఎక్కిపిచ్చి పంపే పూచీ నాది."

వీసీ ముగ్గురి మొహాలూ చూశాడు. ముగ్గురూ ఒకే మాట మీద ఉన్నారు. ఆయన అడిగింది అదే కాబట్టి కాదనడానికి దారి లేకపోయింది. శుక్రవారం ఉత్తర్వు వచ్చింది.

ఆ సాయంత్రమే కోదాడలో సాధన సమితి కూచుని కన్వీనర్‌ను మార్చింది. ఆ కబురు ఫోన్‌లో చెప్పింది నాగేష్. "కంప్యూటర్ను మిర్యాలగూడకు అమ్ముకున్నవంటున్నరన్నా. షాపు కాడికి వచ్చి నాలుగు మాటలు అనిపోయిన్రు."

"టైర్లేమన్న ముట్టుకున్నరా?"

"లేదు."

"అనుకోనియ్. షట్టర్ ఏసి ఇంటికి పో."

శనివారం సూర్యాపేటలో, యూనివర్సిటీకి ఇచ్చిన పాత జూనియర్ కాలేజీ ఆవరణలో చేరే పిల్లలు వరసగా నిలబడ్డారు. చంద్రమ్మ వరసలో నిలబడలేదు. హాస్టల్‌కని ఖాళీ చేసిన పాత గదుల మెట్లు దిగి క్లాసుల దాకా నడిచింది, అక్కడి నుంచి ల్యాబు గది దాకా నడిచింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. బిక్షపతి దగ్గరుండి ల్యాబు పెట్టెలను అప్పుడే లారీలోంచి దింపిస్తున్నాడు. గోడ చుట్టూ తిరిగి ఎక్కడైనా సందు ఉందేమో చూసింది. గేటు దగ్గర వాచ్‌మన్ పనికి పెట్టుకున్న సత్తెమ్మను అడిగింది.

"గేటు ఎప్పుడు మూస్తవక్కా?"

"ఆరింటికి. నీ బిడ్డయినా గంతే, వీసీ బిడ్డయినా గంతే."

"మధ్యల తెరువమంటే?"

"నేను తెరువ. ఎవ్వలడిగినా తెరువ."

చంద్రమ్మ కొంగుతో మొహం తుడుచుకుని బిక్షపతి దగ్గరికి వచ్చింది. "పాలకీడుకు దూరమే గానీ, సరే తియ్. దుకాణపాయనకు రాదని చెప్త" అంది.

స్వప్న వరసలోంచి తల తిప్పి చూసింది. "కోదాడల నిన్ను తిడ్తున్నరంట కదా కాకా?"

"తిట్టనియ్" అన్నాడు బిక్షపతి. "నీ ముందలామెది అయిపోయింది. జరుగు."