ఊపిరి బిళ్ల

బావ మోటారుసైకిలు ముప్పై ఏళ్లుగా గోనెపట్టాల కింద పడి ఉంది. మధ్యాహ్నం పాత ఇనుపసామాన్లవాడు వస్తాడు. ఆలోగా అది బాగుపడుతుందని నమ్మకం కుదిరితే ఉంటుంది, లేదంటే వాడి బండెక్కుతుంది. ఇది అక్క మాట. అక్క మాటకు తిరుగులేదు.

అక్క తమ్ముడే మేస్త్రి. పొద్దున్నే వచ్చి ఇంజను విప్పి చాప మీద పరిచాడు. చుట్టుపక్కల పాత ఇంజన్లన్నీ ఆయన చేతిలో పడ్డవే. దీన్ని మాత్రం బావ ముట్టుకోనివ్వలేదు. అప్పట్లో తనే విప్పాడు, తనే బిగించాడు. బిగించాక మూడు వస్తువులు మిగిలాయి.

"కంపెనీవాడు ఎక్కువ వేశాడు. నేను బరువు తగ్గించాను" అంటాడు బావ ఎప్పుడడిగినా.

బరువు తగ్గిన బండి అతుకు అతుకునా నూనె కక్కింది. నేల కడగలేక అక్క దాన్ని మూలకు తోయించింది.

ఆ మూడూ పాలడబ్బాలో భద్రంగా ఉన్నాయి. మేస్త్రి అరచేతిలో ఒంపుకున్నాడు. అక్క వచ్చి చూసింది, ఒకటి తీసేసుకుంది.

"ఇది నా కుట్టుమిషను బాబిన్ కేసు. దీనికోసం మా ఆడపడుచును కూడా అనుమానించాను."

"అందుకా, ఎక్కడా పట్టలేదు" అన్నాడు బావ.

ఇక మిగిలింది చిన్న స్ప్రింగు, చొక్కా గుండీకన్నా కాస్త పెద్ద బిళ్ల. బిళ్లకు ఒకపక్క గాటు. వెనక రెండు చిన్న పళ్లు.

"వాషరేలేవోయ్."

"వాషరుకు పళ్లెందుకు బావా, తిండి తింటుందా?"

మేస్త్రిది ఒకటే పద్ధతి. రాసుకున్న చోట ఇనుము మెరుస్తుంది. ఒక మెరుపుకు జోడీ మెరుపు ఎక్కడో ఉండి తీరాలి. బిళ్లకు కొవ్వొత్తి మసి పట్టించి ఒక్కొక్క భాగానికీ ఆనించి చూశాడు. ఏదీ కలవలేదు. ఎండ గుమ్మం దాటి చాప మీదికొచ్చింది. అక్క రెండుసార్లు వీధిలోకి చూసింది.

చివరికి వాల్వులను లేపే షాఫ్టు చేతికొచ్చింది. పొద్దుటి నుంచి రెండుసార్లు తుడిచి పక్కన పెట్టినదే. దాని కొసన రెండు నొక్కులు. పళ్లు వాటిలో కూర్చున్నాయి. వెనక స్ప్రింగు కూర్చుంది. ఎదురుగా ఇంజను గోడలో అంతే మెరిసే గుండ్రం, దానిలో ఒక రంధ్రం, అక్కణ్నుంచి బయటికి ఒక సన్నటి గొట్టం. ఎటూ పోని గొట్టమని ఇద్దరూ వదిలేసినదే.

మేస్త్రి అన్నీ బిగించాడు, ప్లగ్గు ఒక్కటి తప్ప.

"కిక్కు చేత్తో నొక్కు బావా. మెల్లగా."

వేలు తడిచేసి గొట్టం కొసన పెట్టాడు. చల్లగా తగిలింది. ఆగింది. మళ్లీ తగిలింది.

పిస్టను దిగినప్పుడల్లా దాని కింద గాలి నలుగుతుంది. సరిగ్గా అప్పుడే బిళ్ల గాటు రంధ్రం ఎదుటికొస్తుంది, గాలిని వదిలేస్తుంది. పిస్టను లేస్తే మూసుకుంటుంది. ఆ దారి లేకే గాలి అతుకు అతుకునా నూనెను బయటికి తోసింది. వీళ్లెవరూ పుట్టకముందు ఎవరో ఒక మనిషి ఇనుముకు ఊపిరాడాలి కదా అనుకున్నాడు. అనుకుని ఊరుకోక, గుండీ అంత బిళ్లతో దానికి ముక్కు పెట్టాడు. నలభై ఏళ్లు ఇంజన్ల మధ్యే బతికిన మేస్త్రికి ఆ సంగతి ఇవాళ తెలిసింది. వేలు తియ్యబుద్ధి కాలేదు.

"ఏమైందోయ్?" అన్నాడు బావ.

"నువ్వు పెట్టి చూడు."

బావ వేలు పెట్టాడు. మేస్త్రి కిక్కు నొక్కాడు. బావ వేలు తీసి గొట్టంలోకి తొంగి చూశాడు.

"దీని ముక్కు ఊడబెరికి డబ్బాలో దాచానన్నమాట" అన్నాడు. ఈసారి కంపెనీవాణ్ని ఏమీ అనలేదు.

అక్క చెయ్యి కొంగుకు తుడుచుకుని, వేలు తడిచేసుకుని వంగింది. ఒక ఊపిరి. ఇంకొకటి. బాబిన్ కేసు ఎడమచేతి గుప్పిట్లోనే ఉంది.

బయట బండి గంట మోగింది. ఇనుపసామాన్లవాడు గుమ్మంలో నిలబడి అడిగాడు.

"అమ్మా, పాత ఇనుమన్నారు. ఏదమ్మా?"

అక్క తలెత్తలేదు.

"ఇలా రా బాబూ. ముందు వేలు తడి చేసుకో."