‘చాలు’ అన్న మాట

మరియదాసు మాస్టారు బోనెక్కగానే, బెంగాలీ వచ్చా అని జడ్జిగారు అడిగారు. రాకేం! కలకత్తా ఖిదిర్‌పూర్ చేపల బజారులో ఆయన బేరమాడుతుంటే బెంగాలీవాళ్లే నోరు తెరుచుకుని చూస్తారు. అయినా ఆయన నావైపు తిరిగి, "నా కొడుకు సంగతి నా బాసలోనే సెప్తానమ్మా" అన్నారు. ఆ కోర్టులో తెలుగు దుబాసీని నేనే. ఆ మాట బెంగాలీలో జడ్జిగారికి చెప్పాను. ఆయన సరేనన్నారు.

అసలు నన్ను దుబాసీని చేసింది మాస్టారే. వాట్‌గంజ్‌లో చర్చి వెనక గదిలో సాయంత్రం పూట మా పిల్లలందరికీ చదువు చెప్పేవారు. బోర్డు మీద ‘చెప్పాను’ అని రాసి, నోటితో మాత్రం ‘సెప్పినాను’ అనేవారు. మేం నవ్వితే, "రాత రాతే, నోరు నోరే, నవ్వకండెహె" అని కసిరేవారు. మా అమ్మానాన్నా వీధులూడ్చే పనివాళ్లు. తెలుగంటే ఇంట్లో తిట్లు తినే భాష అనుకునేదాన్ని. అది చదువుకునే భాష, తలెత్తుకుని మాట్లాడే భాష అని ఆయన దగ్గరే తెలిసింది. బెంగాలీ పాఠాన్ని తెలుగులోకి మార్చమన్నప్పుడు తప్పు చేస్తే చెవి మెలిపెట్టి, "మాటని మొయ్యకే, అర్తాన్ని మొయ్యి" అనేవారు. ఇన్నేళ్లుగా నేను తిన్న అన్నం ఆ ఒక్క ముక్కదే.

మొన్న వానాకాలంలో ఆయన ఒక్కగానొక్క కొడుకు రాజా మురుగుకాలువలో పూడిక తీస్తూ చనిపోయాడు. కింద రాజా బురద బకెట్టుకి తాడు కడుతున్నాడు. పైన తాడు లాగే యంత్రం దగ్గర నిమాయ్ అనే బెంగాలీ కుర్రాడు, పనికి కొత్త. తాడు రాజా ఒంటికి చుట్టుకుంది. రాజా అరిచాడు. నిమాయ్ యంత్రం ఆపకపోగా ఇంకా జోరుగా తిప్పాడు. ముందురోజే వాళ్లిద్దరూ చొక్కాలు పట్టుకుని కొట్టుకున్నారు. అందుకని కావాలనే చంపాడని కేసు. రుజువైతే నిమాయ్ బతుకంతా జైల్లోనే. వాడేమో, రాజాయే యంత్రం నడపమని అరిచాడని మొదటినుంచీ ఒకే పాట పాడుతున్నాడు. పొద్దున ఆ వాంగ్మూలం కోర్టులో బెంగాలీలో చదివితే, నేనే మాస్టారికి తెలుగులో వినిపించాను. విని నాకే ఒళ్లు మండింది.

"మీ అబ్బాయి ఏమని అరిచాడు?" అని సర్కారు వకీలు అడిగాడు. నేను తెలుగులో అడిగాను.

"‘చాలు’ అన్నాడమ్మా. ‘చాలు, చాలు’ అని అరిసినాడు. ఆడికన్నం అట్టుకెల్తూ ఈది మొగలో ఉన్నాను, ఈ సెవులతో ఇన్నాను."

ఆపమన్నాడని చెప్పబోయాను. నాలుక మీదికొచ్చిన మాట అక్కడే ఆగిపోయింది.

బెంగాలీలో కూడా ‘చాలు’ ఉంది. అక్కడ దానర్థం నడుస్తూ ఉండటం; యంత్రం దగ్గర అరిస్తే నడుపు, మొదలుపెట్టు అని. నిమాయ్ వాంగ్మూలంలో ఉన్నదీ ఆ మాటే. పొద్దున దాన్ని శుభ్రంగా ‘నడపమన్నాడు’ అని తెలుగు చేసింది నేనే. అర్థాన్ని మోసుకొచ్చాను, మాటని పారేశాను. నిమాయ్ అబద్ధమాడలేదు. విన్నదే చేశాడు.

ఇప్పుడు ‘ఆపమన్నాడు’ అంటే నా తర్జుమాలో ఎవరూ తప్పు పట్టలేరు. ఆ కుర్రాడు మాత్రం అయిపోతాడు. ఉన్న మాట ఉన్నట్టు అంటే మాస్టారికి తిట్టుకోవడానికైనా ఒక మనిషి మిగలడు. నన్ను మనిషిని చేసినాయన మీద ఆ దెబ్బ నేనే వేయాలా?

మాస్టారు జడ్జిగారి వంక చూడటం లేదు. రెప్ప వేయకుండా నన్నే చూస్తున్నారు. ఆ చూపు చూశాక నాకంతా తెలిసిపోయింది. పొద్దున బెంగాలీలో చదివింది నాకంటే ముందే ఆయనకి అర్థమైంది. తెలుగులోనే చెప్తానన్నది భాష మీది ప్రేమతో కాదు. ఆ మాట నా తర్జుమాలో మరుగున పడిపోవాలని. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. దాని వెనకే ఏడుపూ వచ్చింది.

"ఏమన్నాడమ్మా? మాకూ పనులున్నాయి" అని వకీలు విసుక్కున్నాడు. ముద్దాయి బోనులో నిమాయ్ కటకటాలు పట్టుకుని నా నోటివంకే చూస్తున్నాడు. మీసాలు కూడా సరిగా రాలేదు వాడికి.

సాక్షిని ఒక మాట అడగాలని జడ్జిగారిని కోరాను. అడగమన్నారు.

"మాస్టారూ, రాజా ఎలా అరిచాడో అలాగే, ఆ గొంతుతోనే ఒక్కసారి అనండి."

"ఒద్దే పుష్పా" అన్నారు, నాకు మాత్రమే వినపడేలా.

సాక్షి ఏమంటున్నాడని జడ్జిగారు అడిగారు. వద్దంటున్నారని చెప్పాను. చెప్పక తప్పదన్నారు జడ్జిగారు. అదీ తెలుగులో చెప్పాను.

మాస్టారు తల దించుకున్నారు. ఆయన ఒక్కసారిగా తలెత్తి గొంతు చించుకుని అరిచారు.

"చాలు! చాలు!"

రాసుకుంటున్న జడ్జిగారి కలం ఆగింది. వకీలు నోరు వెళ్లబెట్టాడు. "ఇదే మాట! ఇదే!" అంటూ నిమాయ్ కటకటాలకి తల ఆనించి భోరుమన్నాడు. వాళ్లెవరికీ నా తర్జుమాతో పనిలేకపోయింది.

తెలుగులో దీనర్థమేమిటని జడ్జిగారు నన్నడిగారు. నేను నోరు విప్పేలోగా మాస్టారే చక్కటి బెంగాలీలో జవాబిచ్చారు. "మా భాషలో ఇక ఆపమని, మీ భాషలో నడపమని. ఈ అబ్బాయి విన్నది నిజమే. వాడి తప్పేం లేదు."

జడ్జిగారు తలవంచి రాసుకోవడం మొదలుపెట్టారు. మాస్టారు మాత్రం బోను దిగలేదు. నావైపు తిరిగి మళ్లీ తెలుగులోకి వచ్చేశారు.

"మా ఓడికి బెంగాలీ రాదేటి? అందరికంటే బాగా వచ్చు. ఇంట్లో ఒక్క బెంగాలీ ముక్క దొర్లితే కంచం ముందునుంచి లేపీసేవోణ్ణి. పానం మీదికొచ్చినా ఆడు నా మాట దాటనేదే పుష్పా. ఆ ముక్క బెంగాలీలో అరిసుంటే బతికిపోయేవోడు."

సాక్షి ఏమంటున్నాడని జడ్జిగారు అడిగారు.

తర్జుమా చేయలేనని చెప్పాను.